మూడు పెట్టెలూ ఒక పలకా

మా ఆసుపత్రిలో మహబూబ్ బాషా ఉద్యోగం ఏమిటో సరిగ్గా చెప్పగలిగినవాళ్లు ముగ్గురు కూడా లేరు. డాక్టర్లు "ఆ కంప్యూటర్ ఆయన" అనేవాళ్లు. ఆయాలు "ఏసీ గది సాయిబు" అనేవాళ్లు. ఫ్యాను తిరగకపోయినా ఆయన్నే పిలిచేవాళ్లు, ఆయనా నోరెత్తకుండా వచ్చి ఫ్యాను బాగుచేసి పోయేవాడు. నేను డయాలసిస్ వార్డు నర్సుని, పేరు దీవెన. నాకు ఆయన బాషన్న. ఆయన గురించి రాయడానికి నాకంటే అర్హత తక్కువైనవాళ్లు మార్కాపురంలో లేరు. అయినా రాయవలసింది నేనే.

బాషన్న నాయన పలకల గనిలో రాయి చీల్చేవాడు. యాభై దాటకుండానే ఆ దుమ్ముకు దగ్గి దగ్గి పోయాడు. ఇంటర్ చదివిన కొడుకు పలకల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి చేరాడు. పలకలు విదేశాలకు పోయే రోజులవి. ఆర్డర్లు చూసుకోవడానికి యజమాని ఒక సర్వర్ కొన్నాడు. బల్ల మీద పెట్టుకునే కంప్యూటర్ కాదు, పెద్ద బ్యాంకుల్లో గదులు నిండేదీ కాదు, మధ్యరకం. చిన్న ఫ్రిజ్ అంత నల్ల పెట్టె. హైదరాబాదు నుంచి వచ్చినాయన రెండు రోజులు దాన్ని బిగించి, "ముట్టుకోకండి, అదే నడుస్తుంది" అని చెప్పి వెళ్లిపోయాడు. ముట్టుకోవద్దన్న దాన్ని అర్థం చేసుకోవాలని బాషన్నకు పట్టుదల వచ్చింది. లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు ముందేసుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని రెండేళ్లు చదివాడు. పలకల వ్యాపారం చితికిపోయాక ఆ యజమానే ఆసుపత్రి కట్టాడు. అదే రకం సర్వర్ కొత్తది కొన్నాడు. దానితో పాటే బాషన్నా వచ్చాడు.

సర్వర్ గది తలుపుకు ఒక పెద్ద పలక ఉండేది. రోజూ పొద్దున్నే దాని మీద రాసేవాడు. నిన్నటి కాపీ పూర్తయిందా, లోపలికి ఎవరెవరు వచ్చారు, తప్పు పాస్‌వర్డుతో ఎవరు ఎన్నిసార్లు తట్టారు. అంత పెద్ద మిషన్ పెట్టుకుని సుద్దముక్కతో రాస్తావేందన్నా అని నవ్వితే, "మిషన్ పడిపోయిన రోజు మిషన్ని అడుగుతామా?" అనేవాడు. మార్కాపురం వాళ్లం, పలక మీద రాస్తేనే రాసినట్టు మాకు.

ఆయన దగ్గర మూడు చిన్న హార్డ్‌డిస్కు పెట్టెలుండేవి. రోజు పని ముగిశాక రోగుల వివరాలన్నీ ఒక పెట్టెలోకి కాపీ చేసి, అయిన వెంటనే తీగ పీకేసేవాడు. ఒక పెట్టె ఇక్కడే, ఒకటి గిద్దలూరులోని మా క్లినిక్‌లో, ఒకటి ఆయన ఇంట్లో, కమ్రున్నీసా వదిన బీరువాలో చీరల కింద. వాటిని వంతులవారీగా మార్చేవాడు. నెలకొక శుక్రవారం నమాజు నుంచి వచ్చాక ఒక పెట్టె తీసుకుని, అందులోది పాత మిషన్ మీద మళ్లీ ఎక్కించి చూసి, వెంటనే తుడిచేసేవాడు.

"ఉంది గదన్నా, మళ్లా చూసేదేంది?" అని ఒకసారి అడిగాను.

"తిరిగి ఎక్కిందాకా అది కాపీ కాదు దీవెనా, కాపీ ఉందనే ధైర్యం. ధైర్యాన్ని నమ్ముకోని ఆసుపత్రి నడపరాదు" అన్నాడు.

ఇక పాపమ్మ సంగతి. పొదిలి పక్క పల్లె, గొర్రెల కాపర్ల ఇంటి మనిషి. ఆ ఊరి ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు వంగిపోయి, ఏడేళ్ల కిందట కాళ్లనొప్పులకని మా దగ్గరికి వచ్చింది. తర్వాత కిడ్నీలు పోయాయి. మంగళవారం, శుక్రవారం డయాలసిస్. కొడుకు కాటమరాజు ఆటోలో తీసుకొచ్చి, వార్డు బయట రేకుల కింద కూర్చునేవాడు. నాలుగేళ్ల కిందట, నేనింకా చేరకముందు, జ్వరానికి ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇస్తే పాపమ్మకు గొంతు వాచి, బీపీ పడిపోయి, రెండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికింది. ఆ మందు ఆమెకు పడదని అంతకుముందే ఒక కేసు షీటులో రాసి ఉందట. ఆ కాగితం ఇంకో కాగితానికి అతుక్కుపోయి ఎవరికీ కనపడలేదు.

ఎవరూ చెప్పకుండానే బాషన్న దానికోసం ఇరవై రోజులు కూర్చున్నాడు. రోగి పేరు కొట్టగానే, పడని మందు ఏదైనా ఉంటే తెర పైభాగంలో అడ్డంగా ఎర్ర గీత, దాని కింద ఆ మందు పేరు. నడిచే మిషన్‌లో నేరుగా పెట్టలేదు. పక్కన ఒక నకలు తయారుచేసి, నర్సుల్ని కూర్చోబెట్టి, తప్పులన్నీ వాళ్ల చేత చేయించి, వారం తర్వాతే అసలుదాంట్లోకి ఎక్కించాడు. అద్దె ఇంట్లో ఉండే ఆ మనిషి సొంతంగా కట్టుకున్నది ఆ ఎర్ర గీత ఒక్కటే. దాని గురించి మాట్లాడేటప్పుడు ఆయన ముఖం చూడాలి.

నేను చేరిన ఈ రెండేళ్లలో ఆ గీత ఎంతమందిని కాపాడిందో లెక్కలేదు. మమ్మల్ని మాత్రం చెడగొట్టింది. "అవ్వా, నీకు ఏ మందన్నా పడదా?" అని అడగడం మానేశాం. చర్మం మీద పరీక్ష చుక్క వేసి చూడటం కూడా మానేశాం. ఎర్రగా ఉంటే ఆగడం, తెల్లగా ఉంటే వేయడం. కళ్లున్నాయి గదా అని బుర్రను సెలవు మీద పంపేశాం.

ఆనంద్ బాబు మేనేజరుగా వచ్చింది కూడా అప్పుడే. ఒక్కొక్కరికి వాళ్ల పనికి కావలసినంత వరకే సర్వర్ తలుపు తెరవాలని బాషన్న పట్టు. రిసెప్షన్ వాళ్లకు చూడటానికే గానీ మార్చడానికి వీల్లేకుండా పెట్టాడు. ఆనంద్ బాబుకు అది నామోషీ అయింది. "పేషెంట్ల ముందర మాటిమాటికీ పాస్‌వర్డ్ అడుగుతాంటే పరువు పోతాంది బాషా. అందరికీ అన్నీ తెరువు." నెలరోజులు పోరి, చివరికి కాగితం మీద ఆర్డరు రాసి పంపాడు. తాళాలన్నీ ఒకే గుత్తికి గుచ్చి వాకిట్లో తగిలించినట్టయిందని బాషన్న నా దగ్గర బాధపడ్డాడు. అయినా ఆర్డరు ఆర్డరే.

పోయిన దసరా సంగతి ఇది. మా ఆసుపత్రిలో ఏటా నవమి నాడు ఆయుధపూజ చేస్తారు. యజమాని భార్య శివపార్వతమ్మగారు దగ్గరుండి చేయిస్తారు. డయాలసిస్ మిషన్లకు, ఎక్స్‌రేకు, అంబులెన్సుకు బొట్లు పెడతాం. సర్వర్‌కు పసుపు కుంకుమ పెట్టేది బాషన్నే. పన్నెండేళ్లుగా ఆయనే పెట్టాడు, ఇంకెవర్నీ ఆ గదిలో చేయి పెట్టనిచ్చేవాడు కాదు. ఈసారి అమ్మగారికి ఆరోగ్యం బాగాలేదు. కర్ర పట్టుకుని సర్వర్ గదిదాకా వచ్చారు.

"బాషా, నీ పెట్టెలు మూడు గదా? రెండేవి?"

"ఒకటి గిద్దలూర్లో ఉందమ్మా, ఒకటి మా ఇంట్లో."

"అట్ల చెల్లాచెదరుగా పెట్టి పూజ చేసేదేంది నాయనా? పనిముట్లన్నీ ఒకచోట చేరాల. తెప్పించు. మళ్ల దసరాకు నేనుంటానో లేదో."

ఆమె ప్రేమగా అడిగింది. ఆ పెద్దావిడ మాట కాదనే మనిషి ఆ ఇంట్లో గానీ ఆసుపత్రిలో గానీ లేడు. గిద్దలూరు నుంచి పెట్టె వచ్చింది. బీరువాలోది వచ్చింది. మూడూ సర్వర్ ముందు పీట మీద పెట్టి పసుపు రాశారు. అప్పుడు అమ్మగారికి ఇంకో అనుమానం వచ్చింది. మిగతా మిషన్లన్నీ లైట్లు వెలుగుతూ ఉంటే, ఈ మూడూ చీకటిగా పడున్నాయేమని.

"తీగ తగిలిస్తేనే వెలుగుతాయమ్మా. అన్నీ ఒకేసారి తగిలించరాదు" అన్నాడు బాషన్న.

"ఒక్క రోజే గదా బాషా, తగిలించు" అని ఆనంద్ బాబు నవ్వాడు. "ఏం, పూజంటే నీకేమన్నా ఇబ్బందా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సరదాకే నవ్వారు, నేనూ నవ్వాను. పన్నెండేళ్లు తన చేత్తో పసుపు పెట్టిన మనిషిని అడగవలసిన మాటేనా అది? బాషన్న ఎవరి ముఖమూ చూడలేదు. వంగి మూడు తీగలూ తగిలించాడు. మూడు పచ్చ లైట్లు వెలిగాయి, అమ్మగారు హారతిచ్చారు. పూజలో పెట్టిన పనిముట్టును దశమి సాయంత్రం ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. అందుకని అవి అలాగే ఉండిపోయాయి.

రిసెప్షన్‌లో ఎవరో వారం కిందటే ఒక ఈమెయిల్ తెరిచారట. అందులోంచి జొరబడిన వైరస్ చడీచప్పుడు లేకుండా కూర్చుని ఉంది. దశమి నాడు సిబ్బందిలో సగం మంది లేనప్పుడు అది పని మొదలుపెట్టింది. వాకిట్లో తగిలించిన తాళాల గుత్తి దానికి దొరికింది. ఏకాదశి పొద్దున మేం కంప్యూటర్లు తెరిస్తే ఒకటే ఇంగ్లీషు నోటీసు. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే మమ్మల్ని అడగండి అని. దొంగలు ఏ దేశంవాళ్లో కూడా తెలియదు.

ఆనంద్ బాబు పరిగెత్తుకొచ్చాడు. "మూడు పెట్టెలుండాయి గదా బాషా!"

బాషన్న నేల మీద కూర్చుని ఉన్నాడు. "ఉండాయి సార్. మూడూ పూజలోనే ఉండాయి."

మూడింటికీ తాళం పడింది. దొంగలతో మాట్లాడేది లేదని యజమాని తేల్చేశాడు. మిగిలింది ఒకటే. ఆరేళ్ల కిందట ఆసుపత్రి మొదటి సర్వర్ తీసేసి కొత్తది పెట్టేటప్పుడు బాషన్న ఒక టేపు మీద అప్పటి వివరాలన్నీ ఎక్కించి, పలకల ఫ్యాక్టరీ గోడౌన్లో ఒక చెక్కపెట్టెలో దాచాడు. దాన్ని వెతికి తెచ్చి, సర్వర్‌ను మొత్తం తుడిచి, మూడు రోజులు ఇంటికి పోకుండా కూర్చుని బుధవారం సాయంత్రానికి ఎక్కించాడు. పేర్లు కొడితే తెరలు తెరుచుకున్నాయి. ఆనంద్ బాబు చప్పట్లు కొట్టాడు, మేమందరం కొట్టాం. కొట్టనివాడు బాషన్న ఒక్కడే.

"సార్, ఇది ఆరేళ్ల కిందటి సమాచారం. ఎర్ర గీత పెట్టింది ఆ తర్వాత. దీంట్లో అది లేదు. ఇది వార్డుల్లోకి ఇయ్యద్దు సార్. ప్రతి తెర మీదా పాతదని ఒక మాట వచ్చేట్ల చేస్తా, పరీక్ష చేసుకునేదానికి రెండు రోజులియ్యండి."

"నాలుగు రోజులు మూసుకోని కూర్చున్నాం. ముందు నడవనీ బాషా, తర్వాత చూద్దాం."

నాకిప్పుడు అర్థమవుతోంది, అసలు ప్రమాదం ఎక్కడుందో. ఈ ఆరేళ్లలో కొత్తగా వచ్చినవాళ్ల పేర్లు ఆ తెరలో లేవు. కాబట్టి వాళ్లను కూర్చోబెట్టి అన్నీ అడిగి రాసుకున్నాం. పాపమ్మ లాంటి పాతవాళ్ల పేర్లు కొట్టగానే తెరుచుకున్నాయి. కాబట్టి వాళ్లను అడగలేదు.

ఆనంద్ బాబు ఒప్పుకోకపోయేసరికి బాషన్న తనకు తెలిసిన దారి పట్టాడు. గురువారం పొద్దున తన తలుపుకున్న పలక తీసుకొచ్చి మా వార్డు గోడకు తగిలించాడు. పెద్ద పెద్ద అక్షరాలతో ఇలా రాశాడు: "తెరలో ఉన్నది ఆరేళ్ల కిందటిది. ఎర్ర గీత లేదంటే మందు పడుతుందని కాదు. మనిషిని అడగండి." దాని కింద, తనకు జ్ఞాపకమున్నంత వరకు, ఎర్ర గీత ఉండవలసిన తొమ్మిది మంది పేర్లు. మొదటి పేరు పాపమ్మది.

"చదివినావా దీవెనా?"

"చదివినా అన్నా."

"ఇంకోసారి చదువు" అన్నాడు. ఇంకోసారి చదివాను. ఆ రోజు వచ్చిన ప్రతి మనిషినీ అడిగాను కూడా.

శుక్రవారం పన్నెండు మంది వచ్చారు, మిషన్లు ఐదు. నాతో ఉండే నర్సు పండుగకు పోయి తిరిగి రాలేదు. ఎవరు ముందు, ఎవరు తర్వాత అని చెప్పే కంప్యూటర్ జాబితా ఆరేళ్ల పాతది, పనికిరాదు. బయట జనం నా వంతంటే నా వంతని కొట్లాట. అందరికీ కనపడేట్టు రాయాలంటే ఆ పలకే ఉంది. తడి దూదితో పేర్లు తుడిచాను. చోటు చాల్లేదు. పైమాట కూడా తుడిచాను. నాకు జ్ఞాపకం ఉంటుందిలే అనుకున్నాను. మార్కాపురం పలక, ఒక్కసారి రుద్దితే కొత్తదే.

పాపమ్మ పదకొండు గంటలకు మిషన్ ఎక్కింది. అరగంటకు చలి, జ్వరం. డాక్టరు వచ్చి చూసి, యాంటీబయాటిక్ పేరు చెప్పి, "ఎలర్జీ చూసుకోని వెయ్యి" అని పక్క వార్డుకు పోయాడు. పేరు కొట్టాను. తెర తెల్లగా తెరుచుకుంది. రెండేళ్లుగా నా కళ్లకు నేర్పిన పాఠం ఒకటే, తెల్లగా ఉంటే వేయడం. పాపమ్మ దుప్పటి కప్పుకుని వణుకుతోంది. "సూదా అమ్మా?" అంది. "జ్వరానికి అవ్వా" అన్నాను. నేనడిగిందీ లేదు, ఆమె చెప్పిందీ లేదు.

మూడు నిమిషాలు పట్టలేదు. ఆమె చేత్తో గొంతు పట్టుకున్నప్పుడు నేను గోడ వైపు చూశాను. పలక మీద నా చేతిరాతే ఉంది. నలభై నిమిషాలు ఆమె గుండె మీద నొక్కాను. నేను చేసిన పాపం నొక్కితే పోతుందా? పాపమ్మ పోయింది.

కాటమరాజు రేకుల కింద నుంచి వచ్చి మందు సీసా చూశాడు. పేరు చదవలేడు గానీ దాని ఎర్ర మూత గుర్తుపట్టాడు. "ఇదే గదమ్మా అప్పుడు అమ్మని చంపబోయింది! బయటనే కూర్చోని ఉంటిని. ఒక్క మాట అడిగినా చెప్పుందునే" అని అక్కడే కూలబడ్డాడు.

సోమవారం విచారణ జరిగింది. యజమాని, ఇద్దరు డాక్టర్లు, ఆనంద్ బాబు కూర్చున్నారు. ముందు బాషన్నను అడిగారు, వార్డుకు హెచ్చరిక ఇచ్చావా అని.

"ఇచ్చినాను సార్. పలక మీద రాసి తగిలించినాను."

పలక తెప్పించారు. దాని మీద శుక్రవారం వంతులు, నా అక్షరాలు. అప్పుడు నన్ను అడిగారు. మా ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్ని, నర్సింగ్ సర్టిఫికెట్ పోతే ఇంకే పనీ రాదు. ఇవన్నీ నిజాలే. కానీ ఆ క్షణంలో ఇవేవీ ఆలోచించలేదు. భయపడ్డాను, అంతే. ఆ భయం ముందు దేవుడు కూడా గుర్తురాలేదు.

"అట్లాంటిది నేను చూడలేదు సార్" అన్నాను.

బాషన్న ఒకసారి నా వైపు చూశాడు. మళ్లీ తల దించుకున్నాడు. పెట్టెలన్నీ ఒకచోట తగిలించినవాడు ఆయనే, ఆరేళ్ల చెత్త ఎక్కించినవాడు ఆయనే, పైగా అబద్ధమాడినవాడు కూడా ఆయనే అని తేల్చి ఆ సాయంత్రమే పంపేశారు. పూజ మాట ఎవరూ ఎత్తలేదు. ఆర్డరు కాగితం మాట ఎవరూ ఎత్తలేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం.

మూడు నెలలు గడిచాయి. మొన్న కాటమరాజు మరణ ధ్రువపత్రం కోసం వచ్చాడు. నన్ను చూసి చేతులు జోడించాడు.

"అక్కా, నువ్వు శానాసేపు అమ్మ గుండె మీద నొక్కినావంట. నీ రుణం ఉంచుకోను. ఆ సాయిబు దుకాణం కాడికి పోయి వాని కాలరు పట్టుకున్న. ఎందుకు చెప్పలేదురా అని అడిగిన. వాడు నాదే తప్పు అన్నాడు. ఇంగ కొట్టలేక వచ్చినా."

అతను జోడించిన చేతుల్ని విడదీయడానికి నా చేతులు రాలేదు.

ఆ సాయంత్రమే బాషన్న ఇంటికి వెళ్లాను. ఇప్పుడు బస్టాండు వెనక ఒక దుకాణంలో మిక్సీలు, నీళ్ల మోటార్లు బాగుచేస్తున్నాడు. కమ్రున్నీసా వదిన టీ గ్లాసు నా చేతికివ్వకుండా నేల మీద పెట్టి లోపలికి పోయింది. ఆమెకు తెలుసునని అర్థమైంది.

"ఎందుకన్నా నాదే తప్పన్నావు?" అని ఏడ్చాను.

"కాదా? ఏదైనా ఒకేచోట పెట్టద్దని పన్నెండేళ్లు అందరికీ చెప్తిని. ఆ మాట మాత్రం ఒకేచోట రాస్తిని, అదీ సుద్దముక్కతో. నీ చేతికి ఒక కాగితం, డాక్టరు చేతికి ఒక కాగితం ఇచ్చుంటే ఆమె బతికుండేది."

"నేను చదివినా గదన్నా. రెండుసార్లు చదివినా."

"అవును" అన్నాడు. అంతకుమించి నన్ను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇంటికి వచ్చి ఇదంతా రాయడం మొదలుపెట్టాను. పలక మీద కాదు, కాగితం మీద, సంతకంతో. మూడు ప్రతులు రాశాను. ఒకటి యజమాని చేతికిచ్చి ముట్టినట్టు సంతకం తీసుకున్నాను. ఒకటి కమ్రున్నీసా వదినకిచ్చాను, బీరువాలో చీరల కింద పెట్టుకోమని. మూడోది కాటమరాజుకు. అతనికి చదువు రాదు, నేనే చదివి వినిపించాలి. రేపు పొద్దున పొదిలి బస్సు ఎక్కుతున్నాను.